'మొమెంట్' కనిపిస్తే చాలు 'క్షణం' పెట్టేయడమేనా?

లోకలైజేషన్_లక్ష్మి
షాపింగ్ యాప్ ఒకటి తెలుగు చేస్తున్నాం. క్లయింటు పంపిన పదకోశంలో 'మొమెంట్ = క్షణం' అని తాళం వేసి పెట్టారు. వేరే ఏది రాసినా క్యూఏ టూల్ (అనువాదంలో తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్) ఎర్రగీత గీస్తోంది. దాని మాట వింటే వచ్చే తెలుగు ఇదీ:

'జస్ట్ ఎ మొమెంట్' – 'కేవలం ఒక క్షణం'
'అప్‌డేటెడ్ ఎ మొమెంట్ అగో' – 'ఒక క్షణం క్రితం నవీకరించబడింది'
'నాట్ అవైలబుల్ ఎట్ ది మొమెంట్' – 'ఈ క్షణం వద్ద అందుబాటులో లేదు'
'వీ విల్ టెల్ యూ ది మొమెంట్ ఇట్ షిప్స్' – 'అది రవాణా అయిన క్షణం మేము మీకు చెబుతాము'

ఎక్కడ ఏది పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్నది కారణంతో సహా కావాలి. 'వినడానికి బాగోలేదు' అంటే వాళ్లు ఒప్పుకోరు.

తెరచాటు
'కేవలం ఒక క్షణం' అట. ఆర్డర్ పెట్టేవాడికి వైరాగ్యం పుట్టించేలా ఉంది.

సబ్‌టైటిల్_శీను
నాలుగోది ముందు చూద్దాం, అసలు కిటుకంతా దాన్లోనే ఉంది. 'ది మొమెంట్' తర్వాత ఒక వాక్యం వస్తే అక్కడ దానికి తెలుగులో నామవాచకం వెతక్కూడదు. ఆ పని మనకు క్రియ చివర్న జరిగిపోతుంది. 'షిప్ అవగానే చెబుతాం.' అంతే, మూడు మాటలు.

ఇందులోనూ మెట్లున్నాయి. 'వచ్చాక' అంటే ఎంతసేపటికో చెప్పలేదు. 'వచ్చిన వెంటనే' అంటే ఆలస్యం లేదు. 'రాగానే' అంటే దానికంటే దగ్గర. 'వచ్చీ రాగానే' అంటే ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. 'రావడమే ఆలస్యం' అంటే అవతలివాళ్లు కాచుక్కూర్చున్నారు. 'విన్నదే తడవుగా' అన్నది కథల్లో బాగుంటుంది, యాప్‌లో వద్దు. ఇంగ్లిష్‌లో ఈ అన్నిటికీ ఒకటే 'ది మొమెంట్'. సీన్ చూసి మెట్టు ఎంచుకోవాలి.

మూడోది: 'ఎట్ ది మొమెంట్' అంటే 'ప్రస్తుతం'. 'ప్రస్తుతం స్టాక్ లేదు.' 'ఫర్ ది మొమెంట్' అంటే 'ప్రస్తుతానికి'. ఈ రెండూ కలిపేయకండి. 'ప్రస్తుతానికి లేదు' అంటే రేపు రావచ్చు అన్న ఆశ అందులోనే ఉంది.

జర_ఆగు
మొదటిదానికి ఇంత చర్చ ఎందుకు? 'ఒక్క నిమిషం'. హైదరాబాద్‌ల అయినా అనకాపల్లిల అయినా అందరు అనేది గదే.

కోడ్_కామాక్షి
యాప్‌లో 'నిమిషం' పెట్టకండి, రెండు చోట్ల తన్నుతుంది.

ఒకటి, పేమెంట్ తెర. పక్కనే ఓటీపీ టైమర్ 2:00 నుంచి దిగుతూ ఉంటుంది. కింద 'ఒక్క నిమిషం' అని ఉంటే చదివేవాడు దాన్నీ లెక్కే అనుకుంటాడు.

రెండు, 'ఎ మొమెంట్ అగో', 'వన్ మినిట్ అగో' అని రెండు వేర్వేరు స్ట్రింగులు (తెర మీద కనిపించే మాటల ముక్కలు) ఉంటాయి. రెండూ 'ఒక నిమిషం క్రితం' అయిపోతే పది సెకన్ల కిందట వచ్చిన మెసేజ్, 70 సెకన్ల కిందట వచ్చిన మెసేజ్ ఒకేలా కనిపిస్తాయి. టెస్టర్ దాన్ని బగ్ అని రాస్తాడు, అది మీ మీదకే వస్తుంది.

జర_ఆగు
ఫోన్ల 'ఒక్క నిమిషం' అన్నోన్ని ఎవడన్నా వాచీ పెట్టి కొలుస్తడా అక్కా?

కోడ్_కామాక్షి
నోటితో అన్నప్పుడు గొంతు చెబుతుంది అది లెక్క కాదని. తెర మీద గొంతు ఉండదు, పైగా పక్కన అంకెలు ఉంటాయి. కస్టమర్ కేర్ రికార్డింగ్ అయితే మీ మాటే పెట్టొచ్చు.

లోడింగ్ తెర మీద నేనైతే అసలు కాలం మాటే తీసేస్తాను. ఏం జరుగుతోందో చెబితే చాలు: 'లోడ్ అవుతోంది…', 'చెల్లింపు సరిచూస్తున్నాం, వెనక్కి వెళ్లకండి'. ఇంగ్లిష్‌లో 'జస్ట్ ఎ మొమెంట్' మర్యాద కోసం పెట్టిన మాట, సమాచారం కోసం కాదు.

అచ్చుతప్పు
'వేచి ఉండండి' కంటే 'ఆగండి' సహజం కదా, అది పెట్టకూడదా?

కోడ్_కామాక్షి
డబ్బులు వెళ్తున్నప్పుడు పెద్దక్షరాల్లో 'ఆగండి' అని కనబడితే 'అయ్యో, ఏదో తప్పయింది' అనుకుని బ్యాక్ నొక్కేస్తారు. 'కాస్త ఆగండి' అంటే ఆ భయం ఉండదు. 'కాసేపు ఆగండి' మాత్రం వద్దు. కాసేపు అంటే టీ తాగి రావచ్చు.

పంచాంగం_పంతులు
'నిమిషం' మీద దెబ్బలాడుకుంటున్నారు గానీ, దాని అసలు అర్థమే రెప్పపాటు. సంస్కృతంలో నిమిషమన్నా నిమేషమన్నా కన్ను మూయడం. అందుకే రెప్ప వేయని దేవతలు 'అనిమిషులు'. 60 సెకన్ల 'మినిట్'కి ఆ మాట తగిలించడం తర్వాతి సంగతి. జర_ఆగు గారు అనే 'ఒక్క నిమిషం' ఒకరకంగా పాత అర్థానికే దగ్గర.

ఇక 'క్షణం' అన్నిటికంటే చిన్నది అనుకునేవాళ్ల కోసం అమరకోశం లెక్క: 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక రోజు. రోజుకు 24 గంటలు గనక ముహూర్తం 48 నిమిషాలు. దాన్ని 12తో భాగిస్తే క్షణం ఎంతొచ్చింది?

తెరచాటు
నాలుగు నిమిషాలు!! అంటే 'ఒక్క క్షణం' కంటే 'ఒక్క నిమిషం' త్వరగా అయిపోతుందన్నమాట.

జర_ఆగు
గెలిచిన్నా లేదా చెప్పుండ్రి.

పంచాంగం_పంతులు
అన్ని గ్రంథాల్లో ఒకే లెక్క ఉండదు లెండి. మనుస్మృతిలో 30 కళలు కలిస్తే నేరుగా ముహూర్తమే, మధ్యలో క్షణం లేదు. ఆ లెక్కన నిమేషం సుమారు 0.18 సెకన్లు, నిజంగా రెప్ప కొట్టేంతసేపు. అమరకోశం లెక్కన అయితే 0.015 సెకన్లే, ఆ వేగంతో ఎవరూ రెప్ప కొట్టలేరు. చెప్పొచ్చేదేమిటంటే, క్షణమైనా నిమిషమైనా ఒకప్పుడు కొలతలు, ఇప్పుడు వాటిలో ఒకటే కొలత. వాడుకలో క్షణానికి గడియారంతో సంబంధం తెగిపోయింది.

నిఘంటువు_నాని
పంతులుగారు చెప్పిన కథే ఇంగ్లిష్ మాటకూ ఉంది. ఐరోపాలో మధ్యయుగాల్లో 'మొమెంట్' నిఖార్సయిన కొలత: గంటలో 40వ వంతు. 8వ శతాబ్దంలో ఇంగ్లండు సన్యాసి బీడ్ గంటను 4 పుంక్టులు, 10 మినుటాలు, 40 మొమెంట్లు అని విడగొట్టి రాశాడు. ఇప్పటి గంట ప్రకారం 90 సెకన్లు. అప్పట్లో పగలును 12 భాగాలు చేసేవారు గనక ఎండాకాలం మొమెంట్ పొడవు, చలికాలం మొమెంట్ పొట్టి.

మాట పుట్టింది లాటిన్ 'మొమెంటుమ్' నుంచి, కదలిక అని. తక్కెడ ఊహించుకోండి. రెండు పళ్లాలూ సమంగా నిలిచాయి. ఒక పళ్లెంలో ఆవగింజంత వేస్తే ముల్లు పక్కకు వాలుతుంది. ఆ వాల్చే రవ్వంత బరువు కూడా మొమెంటుమే. దాన్నుంచి మూడు కొమ్మలు వచ్చాయి. రవ్వంత కాబట్టి కాలంలో రవ్వంత. వాల్చేస్తుంది కాబట్టి ప్రాముఖ్యం: 'ఎ మ్యాటర్ ఆఫ్ గ్రేట్ మొమెంట్' అంటే గొప్ప క్షణపు విషయం కాదు, 'గురుతరమైన విషయం'. తిప్పుతుంది కాబట్టి భౌతికశాస్త్రంలో మొమెంట్.

ఫిజిక్స్_మాస్టారు
నాని గారు మూడో కొమ్మ దగ్గర వదిలేశారు, అక్కడి నుంచి నేను అందుకుంటా. మెషీన్ అనువాదాల్లో 'జడత్వం యొక్క క్షణం' అని కనబడుతోంది. అది 'జడత్వ భ్రామకం'. 'మొమెంట్ ఆఫ్ ఫోర్స్' – 'బలభ్రామకం'. 'డైపోల్ మొమెంట్' – 'ద్విధ్రువ భ్రామకం'. వీటిలో కాలం ఎక్కడా లేదు. బలాన్ని లంబదూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకం: 0.3 మీటర్ల స్పానర్ చివర 100 న్యూటన్లతో లంబంగా నొక్కితే 30 న్యూటన్ మీటర్లు. పట్టు సగానికి జరిపితే 15. నట్టు రాకపోతే స్పానర్‌కి పైపు తొడిగేది ఇందుకే.

'మొమెంటమ్' మళ్లీ వేరు. అది 'ద్రవ్యవేగం', భ్రామకం కాదు. రాజకీయ వార్తల్లో వచ్చే మొమెంటమ్‌కి 'ఊపు' చాలు.

పత్రికవాడు
భూకంప వార్తల్లో 'మొమెంట్ మాగ్నిట్యూడ్' వస్తుంది మాస్టారూ. 'క్షణ తీవ్రత' అని ఎవరో రాస్తే చూశాను.

ఫిజిక్స్_మాస్టారు
తప్పు. అక్కడి మొమెంట్ కూడా భ్రామకమే. రాతి దృఢత్వం, కదిలిన పగులు వైశాల్యం, ఎంత జరిగింది, ఈ మూడూ గుణిస్తే భూకంప భ్రామకం. దాన్నుంచి లెక్కగట్టే స్కేలును 1979లో హ్యాంక్స్, కనమోరి ఇచ్చారు. ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. పెద్ద భూకంపాలకు ఇప్పుడు శాస్త్రవేత్తలు ఇచ్చే అంకె ఇదే, కానీ మీ పత్రికలు అలవాటుగా 'రిక్టర్ స్కేలుపై' అని జోడించేస్తాయి. 'తీవ్రత 7.7' అని వదిలేస్తే ఏ తప్పూ ఉండదు.

పత్రికవాడు
ఒప్పుకున్నా. మా డెస్కులో ఇంకో తలనొప్పి 'మొమెంట్ ఆఫ్ సైలెన్స్'. ఏజెన్సీ కాపీలో ఆ మాట చూడగానే చేయి 'ఒక నిమిషం మౌనం' అని కొట్టేస్తుంది. వాళ్లు ఎంతసేపు నిలబడ్డారో కాపీలో లేదు. 'మౌనం పాటించి నివాళులర్పించారు' అంటే సరిపోతుంది. గాంధీ వర్ధంతి రోజు, జనవరి 30న ఉదయం 11 గంటలకు పాటించేది రెండు నిమిషాలు, అక్కడ అంకె వేయొచ్చు.

'హిస్టారిక్ మొమెంట్'కి 'చారిత్రక ఘట్టం' లేదా 'చారిత్రక సందర్భం'. సంతకాల కార్యక్రమం గంటన్నర నడిస్తే అది క్షణం ఎలా అవుతుంది?

తెరచాటు
అమరకోశం ప్రకారం 22 క్షణాలా 30 నిమిషా… సరే, లెక్క తప్పుతోంది, వదిలేశా.

అచ్చుతప్పు
'తృటిలో తప్పిన ప్రమాదం' అంటాం కదా, అదీ మొమెంటేనా? తృటా, త్రుటా?

పంచాంగం_పంతులు
త్రుటి. 'తృ' రాసేది ఉచ్చారణ మోసం చేయడం వల్ల. భాస్కరాచార్యుడి లెక్కలో త్రుటి సెకనులో 33,750వ వంతు.

పత్రికవాడు
కానీ 'త్రుటిలో పతకం చేజారింది' అన్నప్పుడు అది కాలం కాదు పంతులుగారూ, 'కొద్దిలో' అని. నాలుగో స్థానంలో వచ్చినవాడు ఎన్ని సెకన్లు వెనక ఉన్నా త్రుటే. కాబట్టి 'ఇన్ ఎ మొమెంట్'కి త్రుటి వాడకండి, తప్పించుకోవడం, చేజారడం ఉన్నచోటే దానికి పని.

నిఘంటువు_నాని
'లిప్త' కూడా చేర్చుకోండి. 'లిప్తపాటులో' అంటాం. అది గ్రీకు 'లెప్టాన్' నుంచి జ్యోతిషం దారిలో సంస్కృతంలోకి వచ్చింది, కోణంలో నిమిషానికి పేరుగా. గ్రీసులో ఇప్పటికీ నిమిషాన్ని 'లెప్తో' అనే అంటారు.

కోడ్_కామాక్షి
లక్ష్మిగారి రెండోదానికి వద్దాం, 'ఎ మొమెంట్ అగో'. దీనికి 'ఇప్పుడే'. 'ఇప్పుడే అప్‌డేట్ అయింది.' కానీ పెట్టేముందు డెవలపర్‌ని ఒక ప్రశ్న అడగండి: ఇది ఒకే స్ట్రింగా, రెండు ముక్కలా? '%s క్రితం' అని ఒక ముక్క (%s ఉన్నచోట ప్రోగ్రామ్ వేరే మాట నింపుతుంది), 'ఎ మొమెంట్' ఇంకో ముక్క అయితే 'ఇప్పుడే క్రితం' అని వస్తుంది.

పేరు కలిసింది కాబట్టి చెబుతున్నా, తేదీలు, సమయాలు చూపించడానికి డెవలపర్లు వాడే రెడీమేడ్ కోడ్ మొమెంట్ జేఎస్ లైబ్రరీ తెలుగు ఫైలులో ఇదే గొడవ. గతానికి '%s క్రితం', భవిష్యత్తుకు '%s లో' అని ఉంటుంది, 44 సెకన్ల వరకు 'కొన్ని క్షణాలు'. కలిపితే 'కొన్ని క్షణాలు క్రితం', '2 రోజులు క్రితం', '2 రోజులు లో'. మనం 'రోజుల క్రితం' అంటాం, 'రోజులు క్రితం' అనం. బహువచనంలో 'లు' కాస్తా 'ల' అవ్వాలి.

బాగుచేయాలంటే: ఆ ఫైలులో విలువల స్థానంలో ఫంక్షన్ పెట్టొచ్చు. దానికి అంకె, వితౌట్‌సఫిక్స్, కీ, ఈజ్‌ఫ్యూచర్ అని నాలుగు అందుతాయి. వితౌట్‌సఫిక్స్ నిజమైతే (అంటే 'క్రితం', 'లో' తగలకపోతే) 'రోజులు', లేకపోతే 'రోజుల' ఇవ్వండి. జర్మన్ ఫైలు ఇలాగే చేస్తుంది, నమూనాకు అది తెరిచి చూసుకోండి. భవిష్యత్తుకు ఖాళీ తీసేసి '%sలో' అని రాస్తే '2 రోజులలో', 'గంటలో' సరిగ్గా అతుకుతాయి. ఏకవచనంతో గొడవ లేదు: 'నిమిషం క్రితం', 'గంట క్రితం' అలాగే ఉంటాయి. 2020 సెప్టెంబర్ నుంచి ఆ లైబ్రరీకి కొత్త హంగులు చేర్చట్లేదు, కాబట్టి ఎవరో సరిచేస్తారని కూర్చోకుండా మీ ప్రాజెక్టులోనే లొకేల్ (ఆ తెలుగు ఫైలు) మార్చుకోండి.

లోకలైజేషన్_లక్ష్మి
కామాక్షి గారూ, అడిగాను. రెండు ముక్కలేనట. మీరన్నట్టు 'ఇప్పుడే' వేరే స్ట్రింగుగా విడగొడతామన్నారు.

ఇంకోటి తగిలింది: 'యువర్ ఏజెంట్ విల్ బీ విత్ యూ మొమెంటరిలీ'. పదకోశంలో 'క్షణికంగా' అని ఉంది.

తెరచాటు
క్షణికంగా మీతో ఉంటాడు. ఆ తర్వాత వెళ్లిపోతాడు. నిజమే కదా, అందులో అబద్ధమేముంది?

సబ్‌టైటిల్_శీను
😀 అది ఇంగ్లిష్‌లోనే తగువు. బ్రిటన్ వాడుకలో 'మొమెంటరిలీ' అంటే కొద్దిసేపు, అమెరికాలో ఎక్కువగా కొద్దిసేపట్లో. విమానంలో 'వీ విల్ బీ ల్యాండింగ్ మొమెంటరిలీ' అంటే బ్రిటిష్‌వాడికి 'కాసేపు దిగి మళ్లీ ఎగిరిపోతామా' అనిపిస్తుంది.

తెలుగుకు ఈ బాధ లేదు. 'కాసేపు' వేరు, 'కాసేపట్లో' వేరు. ఆ 'ట్లో' ఒక్కటే మొత్తం అర్థం తిప్పేస్తుంది: 'కాసేపు ఉంటాడు', 'కాసేపట్లో ఉంటాడు'. మీ క్లయింటు ఏ దేశమో చూసి, అమెరికా అయితే 'మా ప్రతినిధి కాసేపట్లో మీతో మాట్లాడతారు'. స్క్రిప్టులో దేశం తెలియకపోతే క్రియ చూడండి. 'ల్యాండ్', 'అరైవ్', 'బిగిన్' లాంటి ఒక్కసారిగా జరిగే పనులైతే కాసేపట్లో. 'పాజ్డ్ మొమెంటరిలీ' లాంటివైతే కాసేపు.

అచ్చుతప్పు
'ఇన్‌స్టంట్' ఇదే కదా?

ఫిజిక్స్_మాస్టారు
కాదు. మొమెంట్‌కి కాస్తయినా నిడివి ఉంది, ఇన్‌స్టంట్ కాలరేఖ మీద చుక్క. పాఠ్యపుస్తకాల్లో 'ఇన్‌స్టంటేనియస్ వెలాసిటీ'కి 'తక్షణ వేగం' అని స్థిరపడింది. వాడుకలో తక్షణం అంటే వెంటనే అని, కాబట్టి పిల్లలు 'వెంటనే వచ్చే వేగం' అనుకుంటారు. 'ఆ క్షణాన ఉన్న వేగం' అని ఒకసారి విప్పి చెప్పాలి.

నిఘంటువు_నాని
పాత ఇంగ్లిష్ ఉత్తరాలు, కోర్టు కాగితాలు తెలుగు చేసేవాళ్లకు: '15థ్ ఇన్‌స్టంట్' అంటే ఈ నెల 15. 'అల్టిమో' అంటే గత నెల, 'ప్రాక్సిమో' అంటే వచ్చే నెల. 'తక్షణ 15' అని రాయకండి.

సబ్‌టైటిల్_శీను
జాతీయాలు కొన్ని వేసేస్తున్నా, సబ్‌టైటిళ్లలో మాటిమాటికీ వచ్చేవి. 'ఐ డోంట్ బిలీవ్ ఇట్ ఫర్ ఎ మొమెంట్' – 'ఏ కోశానా నమ్మను'. 'స్పర్ ఆఫ్ ది మొమెంట్' – 'అప్పటికప్పుడు'. 'హీట్ ఆఫ్ ది మొమెంట్' – 'కోపంలో' లేదా 'ఆవేశంలో', సీన్‌ని బట్టి. 'ఎట్ ఎ మొమెంట్స్ నోటీస్' – 'ఉన్నపళంగా'. 'పిక్ యువర్ మొమెంట్' – 'అదను చూసి'. 'ది ఫిల్మ్ హ్యాజ్ ఇట్స్ మొమెంట్స్' – 'అక్కడక్కడా మెరుపులున్నాయి'. 'మిల్లెట్స్ ఆర్ హ్యావింగ్ ఎ మొమెంట్' – 'ఇప్పుడంతా చిరుధాన్యాల హవా'. ఏడింటిలో ఒక్కదానిలోనూ క్షణం రాలేదు చూడండి.

జర_ఆగు
'లివ్ ఇన్ ది మొమెంట్'?

సబ్‌టైటిల్_శీను
అది నాకూ కుదరలేదు. 'ఈ క్షణంలో జీవించు' అంటే టీషర్టు మీద రాతలా ఉంది. పాత్రను బట్టి 'రేపటి సంగతి రేపు చూద్దాం' అని దాటేస్తుంటా.

కోడ్_కామాక్షి
లక్ష్మిగారూ, క్లయింటుకు ఏం రాయాలంటే: పదకోశం అన్నది 'రిఫండ్', 'కార్ట్' లాంటి సాంకేతిక పదాలకు. 'మొమెంట్' లాంటి మామూలు మాట అందులో ఉండకూడదు, తీసేయమనండి. తీయం అంటే ఒకే ఎంట్రీకి ఒకటికి మించి తెలుగు మాటలు అనుమతించమనండి: 'ప్రస్తుతం', 'ఇప్పుడే', 'కాస్త', 'క్షణం'. చాలా టూల్స్ దీనికి ఒప్పుకుంటాయి. 'ది మొమెంట్' తర్వాత వాక్యం వచ్చే స్ట్రింగులకు మాత్రం ఆ తనిఖీనే ఆపమనండి, ఎందుకంటే అక్కడ తెలుగు మాట క్రియలో కలిసిపోతుంది, టూల్‌కి కనబడదు. కింద మీ నాలుగు ఉదాహరణలూ, వాటిని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పిన రూపమూ పెట్టండి. 'ఎట్ దిస్ ఇన్‌స్టంట్ ఇట్ ఈజ్ నాట్ అవైలబుల్' అని చూస్తే తెలుగు రానివాడికీ తేడా తెలుస్తుంది.

లోకలైజేషన్_లక్ష్మి
వెనక్కి తిప్పి చూపించడం తట్టలేదు, పంపించేశాను. ఒక్కటి మిగిలింది: 'షేర్ యువర్ బెస్ట్ మొమెంట్స్'. ఫొటోలు పెట్టే చోటు.

తెరచాటు
ఇక్కడ మాత్రం క్షణాలే ఉంచండి పాపం. 'మీ మధుర క్షణాలు'.

అచ్చుతప్పు
పెళ్లిపత్రికలా ఉంది. 'మీ ఫొటోలు పంచుకోండి' చాలు.

పంచాంగం_పంతులు
అమరకోశంలోనే ఉత్సవానికి ఉన్న పేర్లలో 'క్షణం' ఒకటి. పండగ ఫొటోలైతే రెండు విధాలా సరిపోతుంది.

లోకలైజేషన్_లక్ష్మి
క్లయింటు జవాబు వచ్చింది: 'విల్ గెట్ బ్యాక్ ఇన్ ఎ మొమెంట్.'

జర_ఆగు
అమరకోశం క్షణమా, బీడ్ మొమెంటా? అడుగుండ్రి, గా లెక్కన చాయ్ పెట్టుకుందాం.